ఎల్గార్ చెల్లో కన్చెర్టో రికార్డులు: చెల్లో వెనక ఆర్కెస్ట్రా

ఇంగ్లిష్ స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ ఇ మైనర్ చెల్లో కన్చెర్టో (వయొలిన్ జాతికే చెందిన పెద్ద వాద్యం చెల్లో ముందుండి, ఆర్కెస్ట్రాతో కలిసి పలికే కృతి) రికార్డు కొనాలనుకునేవారికి ఎవరిని అడిగినా ముందు చెప్పేది ఒకటే పేరు. 1965 ఆగస్టులో లండన్ కింగ్స్‌వే హాలులో జాక్వెలిన్ డు ప్రే చెల్లో వాయించగా, జాన్ బార్బిరోలీ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపించగా ఇ.ఎం.ఐ. సంస్థ చేసిన రికార్డింగు అది. ఎ.ఎస్.డి. 655 నంబరుతో ఎల్.పి.గా వచ్చిన ఈ రికార్డు ఆ తర్వాత సి.డి.గా మారి, ఇప్పుడు వార్నర్ క్లాసిక్స్ ముద్రతో స్ట్రీమింగులోనూ దొరుకుతోంది. దీని గురించి రాసేవారిలో చాలామంది ఇరవయ్యేళ్ల డు ప్రే వాద్యాన్నీ, ఆ తర్వాత ఆమె జీవితంలో జరిగిన విషాదాన్నీ కలిపి చెప్పి అక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం ఈ రికార్డు ఇన్నేళ్లు నిలబడటంలో ఆర్కెస్ట్రా వాటా సగానికి తక్కువ కాదనిపిస్తుంది. ఆ మాటకొస్తే ఈ కన్చెర్టోకు వచ్చిన ఏ రికార్డునైనా ముందు ఆర్కెస్ట్రాను విని తూకం వెయ్యాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే చెల్లో బాగా వాయించినవారు చాలామందే ఉన్నారు.

ఇలా అనడానికి ఆధారం కృతి పుట్టుకలోనే ఉంది. ఎల్గార్ 1918, 1919 సంవత్సరాల్లో ససెక్స్‌లోని ఫిటిల్‌వర్త్ దగ్గర, చెట్ల మధ్య ఉన్న బ్రింక్‌వెల్స్ అనే ఇంట్లో ఉంటూ ఒక వయొలిన్ సొనాటా, ఒక స్ట్రింగ్ క్వార్టెట్, ఒక పియానో క్వింటెట్, వాటి వెంటనే ఈ కన్చెర్టో రాశారు. 1919 అక్టోబరు 27న లండన్ క్వీన్స్ హాలులో తొలి ప్రదర్శన జరిగింది. చెల్లో వాయించినవారు ఫెలిక్స్ సామండ్, ఆర్కెస్ట్రాను నడిపినవారు ఎల్గారే. అయితే ఆ కచేరీలో మిగిలిన అంశాలు మరో కండక్టర్ ఆల్బర్ట్ కోట్స్‌వి. రిహార్సల్ సమయంలో ఎక్కువ భాగం ఆయన తన అంశాలకే వాడుకోవడంతో కొత్త కృతిని సాధన చేసే వ్యవధి లేకుండా పోయింది. అంత గొప్ప ఆర్కెస్ట్రా ఇంత దయనీయంగా బయటపడటం బహుశా ఎన్నడూ జరగలేదన్న అర్థంలో విమర్శకుడు ఎర్నెస్ట్ న్యూమన్ రాశారు. సామండ్ పడిన శ్రమ వృథా కాకూడదన్న ఒక్క కారణం లేకపోతే ఎల్గార్ కృతిని ఆ రోజే వెనక్కి తీసుకునేవారు.

ఆ సాయంత్రం చెల్లో వరసల్లో కూర్చుని వాయించినవారిలో ఇరవై నిండని బార్బిరోలీ ఒకరు. రెండేళ్లు తిరగకుండానే 1921లో బోర్న్‌మత్‌లో ఇదే కన్చెర్టోను ఆయన సోలో వాద్యకారుడిగా వాయించారు. తర్వాత కండక్టర్ అయ్యి, 1943 నుంచి మాంచెస్టర్‌లోని హాలే ఆర్కెస్ట్రాను పెంచి పోషించారు. 1956లో సుజ్జా బహుమతికి బాలవాద్యకారులను పరీక్షించిన న్యాయనిర్ణేతల్లో ఆయన ఉన్నారు. ఆ ఏడు బహుమతి దక్కింది డు ప్రేకే. 1965 నాటి హాలులో నిలబడిన మనిషికి ఈ కృతి వెనక వరసల్లోంచీ తెలుసు, సోలో కుర్చీలోంచీ తెలుసు. ఆర్కెస్ట్రా ఎక్కడ తగ్గాలో, ఎక్కడ చెల్లోను భుజం మీద ఎత్తుకోవాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చెల్లోతో వచ్చే చిక్కు ఏమిటంటే దాని గొంతు మధ్య స్థాయిలో ఉంటుంది. వయొలిన్ అయితే ఆర్కెస్ట్రా పైనుంచి తేలిపోతుంది; చెల్లో చుట్టూ మాత్రం వయోలాలు (వయొలిన్ కన్నా కాస్త పెద్ద తీగవాద్యాలు), ఊది వాయించే బసూన్లు, హార్న్‌లు అదే ఎత్తులో ఉండి దాన్ని కప్పేస్తాయి. ఎల్గార్ తన కాగితం మీద ట్రాంబోన్లు, ట్యూబాతో సహా పూర్తి ఆర్కెస్ట్రాను పెట్టుకున్నారు కానీ, చెల్లో పలుకుతున్నంతసేపూ వాటిని చాలా పొదుపుగా వాడారు. నాలుగు భాగాల ఈ కృతిలో మూడో భాగంలోనైతే ట్రంపెట్లు, ట్రాంబోన్లు నోరే మెదపవు. ఇంత పలచగా అల్లిన సంగీతంలో ఒక క్లారినెట్ అర క్షణం ఆలస్యంగా వచ్చినా దాచుకోవడానికి చోటుండదు. 1919లో జరిగింది అదే అయి ఉంటుంది.

ఇక రికార్డు దగ్గరికి వస్తే, మొదటి నాలుగు స్వర గుచ్ఛాలను (పలు తీగల మీద కలిపి పలికించే స్వరాలను) డు ప్రే వాయించే తీరు తెలిసిందే: కమానును తీగల మీద పూర్తి బరువుతో లాగుతూ, హాలు గోడలు ప్రతిధ్వనించేలా. ఆ గర్జన అణగిపోగానే క్లారినెట్లు, బసూన్లు, హార్న్‌లు కలిసి ఇచ్చే చిన్న జవాబును చాలా రికార్డుల్లో మనం గమనించం. బార్బిరోలీ దాన్ని ఒక నిట్టూర్పంత మెత్తగా, కానీ ప్రతి స్వరం విడిగా వినిపించేలా పలికించారు. ఆ తర్వాత చెల్లో మెట్లెక్కినట్టు పైకి వెళ్లి ఆగుతుంది, అప్పుడు వయోలాలు ఏ తోడూ లేకుండా అసలు వరసను ఎత్తుకుంటాయి. ఈ చోటును బట్టి రికార్డు తత్వం తెలిసిపోతుందంటాను. కొందరు కండక్టర్లు ఇక్కడే శోకాన్ని మొదలుపెట్టేస్తారు, వయోలాలు మొదటి చరణంలోనే ఏడవడం మొదలుపెడితే ఇక పోవడానికి చోటేది? బార్బిరోలీ వయోలాలను దాదాపు నిర్లిప్తంగా, ఊయల లయలో నడిపిస్తారు. అదే వరస డు ప్రే చేతికి వచ్చినప్పుడు దానికి రంగు వస్తుంది. మూడోసారి తీగవాద్యాలన్నీ అందుకున్నప్పుడు బరువు వస్తుంది. చెల్లో పై ఇ స్వరం దాకా ఎగబాకి ఆర్కెస్ట్రాకు అప్పగించే క్షణంలో, అప్పటిదాకా అణచిపెట్టిన శబ్దమంతా ఒక్కసారి తెరుచుకుంటుంది. ఆ క్షణానికి చెల్లో ఎంత కారణమో, అంతకుముందు మూడు నిమిషాలు ఆర్కెస్ట్రా పాటించిన నిగ్రహం అంతే కారణం.

మొదటి భాగం ముగింపు నుంచి రెండో భాగానికి విరామం లేదు. చెల్లో ఆరంభ గుచ్ఛాలను ఈసారి వేళ్లతో మీటుతుంది, ఆ పైన ఒకే స్వరాన్ని వేగంగా దడదడలాడిస్తూ మొదలుపెట్టి ఆగుతుంది, మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగుతుంది, చివరికి పరుగు అందుకుంటుంది. ఈ భాగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, ఆర్కెస్ట్రాకు అసలైన అగ్నిపరీక్ష ఇదే. నాలుగున్నర నిమిషాల పాటు వాళ్లు చేసేదల్లా చెల్లో వాక్యం ముగిసే చోట ఒక చుక్క పెట్టడం, ఒక మీటు మీటడం, ఒక ఫ్లూట్ పలుకు చేర్చడం. డు ప్రే ఇక్కడ లయతో నిర్భయంగా ఆడుకుంటారు, నచ్చిన చోట ఆగుతారు, అకస్మాత్తుగా దూకుతారు. అయినా లండన్ సింఫనీ వాద్యకారులు ఒక్క చోటైనా వెనకబడరు. ఈ భాగంలో దుఃఖం లేదు, కొంటెతనం ఉంది. ఈ కన్చెర్టోను ఆద్యంతం సంతాప గీతంగా చూసేవారు ఈ భాగాన్ని ఎలా సమాధానపరుస్తారో నాకు తెలియదు.

మూడో భాగం కేవలం అరవై బార్లు (మన తాళపు ఆవర్తాల వంటివి). అందులో ఒకే ఒక్క బారులో తప్ప చెల్లో అన్నింటిలోనూ వాయిస్తుంది. డు ప్రే ఇక్కడ చాలా నెమ్మదిగా వెళతారు. తీగ మీద వేలు జరిపేటప్పుడు వచ్చే చిన్న జారును దాచరు, ఊపిరి తీసుకునే చోటును ముందే చెప్పరు. ఆమె లోపాలంటూ ఉంటే అవి కూడా ఇక్కడే కనిపిస్తాయి. అన్ని వాక్యాలకూ ఒకే గాఢత ఇవ్వడంవల్ల, నిజంగా గాఢంగా పలకవలసిన వాక్యం వచ్చేసరికి ఇవ్వడానికి అదనంగా మిగిలేది తక్కువ. రికార్డింగులో చెల్లోను బాగా ముందుకు తెచ్చి కూర్చోబెట్టడం కూడా దీనికి తోడయింది. నిజమైన హాలులో కూర్చుంటే ఏ చెల్లో కూడా ఆర్కెస్ట్రాకన్నా ఇంత పెద్దదిగా వినిపించదు. ఆర్కెస్ట్రా పూర్తి బలంతో వాయించే చోట్ల శబ్దం కాస్త గరుకుగా కూడా ఉంటుంది. శబ్దాన్ని శుద్ధి చేసి మళ్లీ విడుదల చేసిన కొత్త రీమాస్టర్లలో ఇది కొంత నయమే గాని పూర్తిగా పోలేదు.

నాలుగో భాగం పొడవైనది, నిజం చెప్పాలంటే కొంచెం అతుకులున్నది కూడా. ధీరంగా మొదలై, పలుమార్లు స్వరస్థాయి మార్చి, మధ్యలో కాస్త వాచాలత్వంగా సాగుతుంది. సాధారణమైన రికార్డుల్లో ఇక్కడే మనసు పక్కకు పోతుంది. దీన్ని కాపాడటానికి కండక్టర్‌కు దిశ తెలిసి ఉండాలి. చివరికి వచ్చేసరికి వేగం తగ్గుతుంది, కొత్త విషాద వరసలు వస్తాయి, మూడో భాగపు జ్ఞాపకం ఒకటి మెరుస్తుంది, మొదటి నాలుగు గుచ్ఛాలు తిరిగి వచ్చి, ఆ వెంటనే ఆర్కెస్ట్రా పరుగున ముగించేస్తుంది. బార్బిరోలీ ఈ నెమ్మదించే చోటు వస్తుందని భాగం మొదటినుంచే ఎరిగినట్టు నడిపిస్తారు. కింది తీగవాద్యాలు, ముఖ్యంగా డబుల్ బాస్‌లు, చెల్లో వాక్యం కింద మెల్లమెల్లగా దిగిపోతూ ఉండటం మంచి స్పీకర్ల మీద వింటే తెలుస్తుంది.

1973లో డు ప్రేకు మల్టిపుల్ స్క్లెరోసిస్ నిర్ధారణ కావడం, వాద్యానికి శాశ్వతంగా దూరం కావడం, 1987లో నలభై రెండేళ్లకే మరణించడం ఈ రికార్డుకు తర్వాత కలిసిన కథ. 1965లో మైకుల ముందు కూర్చున్న అమ్మాయికి వీటిలో ఏదీ తెలియదు. ఆమె వాయించింది ఆరోగ్యంతో, ఆత్మవిశ్వాసంతో తొణికిసలాడే వాద్యం. రికార్డు అట్టమీద వ్యాసం చదివి విన్నవారు ఆ ఉత్సాహాన్ని కూడా కన్నీరుగా లెక్కేసుకుంటున్నారేమోనని అనుమానం.

ఎల్.పి. రెండో వైపున జానెట్ బేకర్ పాడిన ‘సీ పిక్చర్స్’ ఉంది. ఎల్గార్ కూర్చిన 1899 నాటి ఈ అయిదు పాటల మాలలో ఒక పాట సాహిత్యం ఆయన భార్య ఆలిస్‌ది. పాటలన్నీ కన్చెర్టోతో సమానమైన కృతులు కావు, కానీ బేకర్ గొంతు, దాని వెనక మళ్లీ అదే జాగ్రత్తగల ఆర్కెస్ట్రా, రెండూ కలిసి వాటిని తమ స్థాయికన్నా పైకి తీసుకెళ్లాయి. సి.డి. ప్రతుల్లో కొన్నిటికి బార్బిరోలీ 1962లో ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో చేసిన ఎల్గార్ ‘కొకెయిన్’ (Cockaigne) ఓవర్చర్ కూడా చేర్చారు. లండన్ వీధుల సందడిని వర్ణించే ఆ సంగీతం ఇక్కడ మరీ మర్యాదగా ఉండదు, అది మంచిదే.

ఈ రికార్డు విన్నవారు ఆ వెంటనే వినవలసింది 1928లో బియాట్రిస్ హారిసన్ చెల్లోతో, న్యూ సింఫనీ ఆర్కెస్ట్రాను ఎల్గార్ స్వయంగా నడిపించి చేసిన రికార్డు. తన తోటలో నైటింగేల్ పిట్టలతో కలిసి వాయించి 1924లో బి.బి.సి. రేడియో ద్వారా దేశమంతటికీ తెలిసిన వాద్యకారిణి ఆమె. మైకులతో రికార్డు చేయడం మొదలై మూడేళ్లే అయిన కాలం కాబట్టి శబ్దం సన్నంగా ఉంటుంది, గీతల రొద ఉంటుంది. కానీ విన్న వెంటనే తట్టేది వేగం. ఎల్గార్ ఎక్కడా ఆగి కన్నీళ్లు తుడుచుకోరు; డు ప్రే, బార్బిరోలీలు నిలబడిన చోట్ల ఆయన నడుస్తూనే ఉంటారు. హారిసన్ జారులు ఈనాటి చెల్లో వాద్యకారులు సిగ్గుపడేంత ధారాళంగా ఉంటాయి, కర్ణాటక వయొలిన్ విని పెరిగిన చెవికి మాత్రం అవి ఏమాత్రం ఎబ్బెట్టుగా తోచవు. రాసినవాడే ఇలా వాయించాడు కనుక ఇదే సరైన పద్ధతి అని నేను అనను. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆనాటి పళ్లెం ఒక వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టదన్న ఒత్తిడి కూడా ఉండి ఉండవచ్చు. అయినా ఈ కన్చెర్టోకు తేలికైన నడక ఒకటి ఉందని, దాన్ని పోగొట్టుకోవడం తేలికని ఈ రికార్డు చూపిస్తుంది.

మిగిలినవాటిలో మూడింటిని మాత్రం ప్రస్తావిస్తాను. 1972లో పాల్ టోర్టెలియే, ఏడ్రియన్ బోల్ట్ నిర్వహణలో లండన్ ఫిల్హార్మోనిక్‌తో చేసిన రికార్డు నేను తరచుగా వినేది. బోల్ట్ ఆర్కెస్ట్రాను నిటారుగా, పారదర్శకంగా ఉంచుతారు, టోర్టెలియే మాటలాడినట్టు వాయిస్తారు. 1988 నాటి స్టీవెన్ ఇసర్లిస్, రిచర్డ్ హికాక్స్‌ల రికార్డులో చెల్లో ఇంకా సన్నని గొంతుతో, ఆర్కెస్ట్రాలో ఒకరిగా కలిసిపోయి వినిపిస్తుంది. డు ప్రే శబ్దానికి అలవాటుపడ్డవారికి మొదట ఇది చప్పగా తోచవచ్చు, రెండోసారికి ఆ అభిప్రాయం మారుతుంది. 2020లో వచ్చిన షేకు కానే మేసన్, సైమన్ రాటిల్‌ల ఆల్బమ్‌లో మళ్లీ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాయే వాయించింది. రికార్డింగు నాణ్యతలో ఇది అన్నిటికన్నా మేలు, మెత్తని చోట్లు అద్భుతంగా ఉన్నాయి. రెండో భాగంలో మాత్రం నాకు ఇంకాస్త అల్లరి కావాలనిపించింది. కన్చెర్టోతోపాటు అందులో చేర్చిన చిన్న చిన్న అంశాలు ఆల్బమ్‌ను కాస్త పలచన చేశాయి.

బార్బిరోలీ ఆర్కెస్ట్రా పనితనం నచ్చినవారు అక్కడితో ఆగకుండా 1962లో ఆయన సిన్ఫోనియా ఆఫ్ లండన్, అలెగ్రీ క్వార్టెట్‌లతో చేసిన ఇంగ్లిష్ తీగవాద్య సంగీతపు రికార్డును కూడా తీసుకోవాలి. నా దృష్టిలో కన్చెర్టో కన్నా ఇదే గొప్ప రికార్డు. సిన్ఫోనియా ఆఫ్ లండన్ నిజానికి సినిమా సంగీతం రికార్డింగులకు ఎక్కువగా పనిచేసిన బృందం. కాగితం చేతికిచ్చిన వెంటనే తప్పు లేకుండా వాయించగల వాద్యకారులు అందులో ఉండేవారు. ఎల్గార్ 1905లో రాసిన ‘ఇంట్రడక్షన్ అండ్ అలెగ్రో’లో నలుగురి క్వార్టెట్ ఒక వైపు, మొత్తం తీగవాద్య బృందం మరొక వైపు ఉండి ప్రశ్నోత్తరాలు సాగిస్తాయి. మధ్యలో వచ్చే వేగమైన ఫ్యూగ్‌లో (ఒకే వరసను ఒకరి తర్వాత ఒకరు అందుకునే అల్లిక) ఒక్కొక్క విభాగం వరసగా ప్రవేశించే చోట కింది వాద్యాలు కమానును తీగలో తవ్వినట్టు వాయిస్తాయి. ఆ ఊపు మరే రికార్డులోనూ నాకు దొరకలేదు.

అదే రికార్డులో రాల్ఫ్ వాన్ విలియమ్స్ ‘టాలిస్ ఫాంటసియా’ ఉంది. పదహారో శతాబ్దపు థామస్ టాలిస్ కూర్చిన ఒక కీర్తన బాణీని తీసుకుని, 1910లో గ్లాస్టర్ కెథెడ్రల్‌లో వినిపించడానికి రాసిన కృతి ఇది. పెద్ద తీగవాద్య బృందం, దానికి దూరంగా తొమ్మిదిమంది చిన్న బృందం, నలుగురు సోలో వాద్యకారులు, ఇలా మూడు దూరాలనుంచి శబ్దం రావాలి. కింగ్స్‌వే హాలు దానికి చాలదని టెంపుల్ చర్చికి వెళ్లి రికార్డు చేశారు. ఫలితం హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే స్పష్టంగా తెలుస్తుంది: పెద్ద బృందం ఒక వాక్యం ముగించాక రాతి గోడల మధ్య ఆ శబ్దం ఇంకా తిరుగుతుండగానే చిన్న బృందం దూరం నుంచి, కంపనం లేని చల్లని గొంతుతో జవాబిస్తుంది. టాలిస్ బాణీ ఫ్రిజియన్ అనే పాత స్వరక్రమంలో ఉంది. ఆ స్వరస్థానాలు మన హనుమతోడివే. గమకాలు లేని తోడి ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఇది జవాబని కాదు గానీ, ఆ మొదటి వాక్యం మనకు అంత త్వరగా పట్టుబడటానికి అదొక కారణం కావచ్చు. సిన్ఫోనియా ఆఫ్ లండన్ పేరుతో ఇప్పుడు జాన్ విల్సన్ నడుపుతున్న కొత్త బృందం చాండోస్ సంస్థకు ఇదే సంగీతాన్ని మళ్లీ రికార్డు చేసింది. శబ్దం, నైపుణ్యం రెండింటిలోనూ ఆ ప్రతిని తప్పు పట్టలేం. అయినా బార్బిరోలీ దగ్గర వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉండే ఎదురుచూపు అందులో తక్కువ.

కొనేవారికి, వినేవారికి కొన్ని ఆచరణాత్మకమైన మాటలు. స్ట్రీమింగు యాప్‌లో డు ప్రే పేరుతో వెతికితే 1965 నాటి ఈ రికార్డుతోపాటు, 1967లో ప్రాగ్‌లో బార్బిరోలీతోనే చేసిన కచేరీ ప్రతి, 1970లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో భర్త డానియెల్ బారెన్‌బోయిమ్ నిర్వహణలో చేసిన ప్రతి కూడా కలగాపులగంగా వస్తాయి. నేను వాడే యాప్ అయితే రికార్డింగు జరిగిన ఏడాదికి బదులు రీమాస్టర్ విడుదలైన ఏడాది చూపిస్తుంది. అందువల్ల కండక్టర్ పేరు, ఆర్కెస్ట్రా పేరు రెండూ చూసుకోవాలి. ఫిలడెల్ఫియా ప్రతిలో డు ప్రే మరింత స్వేచ్ఛగా వాయిస్తారు, కానీ ఆర్కెస్ట్రా ఆమెను వెంబడిస్తుందే తప్ప ఆమెతో మాట్లాడదు. పాటలను ఒకదానిలో ఒకటి కలిపేసే క్రాస్‌ఫేడ్ సదుపాయాన్ని ఆపేయడం, ట్రాకుల మధ్య ఖాళీ రాకుండా సెట్ చేసుకోవడం అవసరం. లేకపోతే మొదటి రెండు భాగాల మధ్య అతుకు చెడిపోతుంది. బస్సులోనో, రోడ్డు మీద నడుస్తూనో వింటే వయోలాల ప్రవేశం అసలు వినపడదు. వినపడాలని శబ్దం పెంచితే రెండు నిమిషాల తర్వాత ఆర్కెస్ట్రా చెవులు పగలగొడుతుంది.

ఒక్కటే కొనగలిగితే బార్బిరోలీ 1965 రికార్డు, ‘సీ పిక్చర్స్’, ‘కొకెయిన్’ కలిసి ఉన్న సి.డి. ప్రతి తీసుకోండి. రెండు కొనగలిగితే రెండోది మరో చెల్లో కన్చెర్టో కానక్కర్లేదు, తీగవాద్య సంగీతపు 1962 రికార్డు తీసుకోండి. హారిసన్ రికార్డు స్ట్రీమింగులో వింటే చాలు, ఆ పాత శబ్దానికి ఖరీదైన ప్రతి అక్కర్లేదు.